బుగ్గన లవంగం

కడుపు పట్టుకుని రోడ్డు పక్కన మెలికలు తిరుగుతున్నవాడి తల కింద చెయ్యి పెట్టి, ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళ సీసా వాడి నోటికి అందించబోయాడు మామ. వాడు సీసా అందుకోలేదు. చొక్కా కిందనుంచి పిస్తోలు తీసి, దాని పిడితో మామ మూతి మీద కొట్టాడు. ముందు పన్ను ఊడి రక్తంతో పాటు మామ అరచేతిలోనే పడింది.

"నువ్వే తాగు, ముసలోడా. నీకే అవసరం పడేట్టుంది," అన్నాడు కడుపునొప్పివాడు లేచి ప్యాంటు దులుపుకుంటూ.

బోనెట్ ఎత్తిపెట్టిన కారు వెనకనుంచి ఇంకొకడు వచ్చాడు. గళ్ళచొక్కా, చేతిలో మాంసం కోసే కత్తి. వచ్చీ రాగానే మామ డొక్కలో తన్నాడు. మామ మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

లారీ క్యాబిన్‌లో సీట్ల వెనకున్న పడక మీద, దుప్పట్ల కింద చెమటలు కక్కుతున్న అల్లుడు ఇదంతా పరదా సందులోంచి చూశాడు. లేవబోయాడు. పిస్తోలు మామ నుదుటికి ఆనించి ఉంది. లేవలేదు.

ఈ దారిలో లారీలు మాయమవుతున్నాయని డ్రైవర్లందరికీ తెలుసు. లారీలు రంగు మారి ఎక్కడో తేలతాయి. డ్రైవర్లు పాత రాతి క్వారీ నీళ్ళలో తేలతారు. అందుకే ఇటు వచ్చే బండి దేనికీ ఆగదు. కానీ మామకో జబ్బుంది. ఎదుటివాడికి జబ్బంటే చాలు, బ్రేకు మీద కాలు పడిపోతుంది. "ఆగొద్దు మామయ్యా" అని అల్లుడు జ్వరంలోనే గొణిగాడు. "మనిషి నీళ్ళు కారిపోయి చచ్చేట్టున్నాడురా" అంటూ మామ సీసా పట్టుకుని దిగిపోయాడు.

ఇద్దరూ వారాల తరబడి ఈ లారీలోనే కాపురం. కొత్త టైర్ల లోడుతో రోజుకో ఊరి నీళ్ళు, పూటకో తిండి. ఈ బతుక్కి మామ దగ్గరొక రేకుపెట్టె ఉండేది. అందులో అల్లం, శొంఠి, మిరియాలు, లవంగాలు, వాము, తేనె, పసుపు, వాటిని దంచడానికి అరచెయ్యంత ఇనుప కల్వం, దాని రోకలి. పొద్దున్నే మరిగించి చల్లార్చిన నీళ్ళు, రాత్రి ఉప్పునీళ్ళతో పుక్కిలింత, కొండల్లో ఘాటు రోడ్డు ఎక్కేచోట అల్లం ముక్క. "ఊరు మారితే నీళ్ళు మారతాయి, నీళ్ళు మారితే ఒళ్ళు మారుతుంది" అనేవాడు మామ. "మీ కషాయాలు తాగితే ఒళ్ళు కాదు మామయ్యా, మతమే మారిపోయేట్టుంది" అనేవాడు అల్లుడు. అలా వెక్కిరిస్తూనే, దుమ్ములో ఎండలో డ్రైవింగ్ చేసి దిగి, ఐసు ముక్కలు తేలుతున్న కూల్‌డ్రింకు గటగటా తాగాడు. తెల్లారేసరికి జ్వరం. ఊపిరి తిరగనివ్వని పొడిదగ్గు. మామ అతని అరికాళ్ళకి వెల్లుల్లి కాచిన నూనె రుద్ది, ఛాతీకి నీలగిరి తైలం పట్టించి, ఉన్న దుప్పట్లన్నీ మీద కప్పి పడుకోబెట్టాడు.

ఇద్దరికీ ఒక అలవాటు ఉంది. బండి నడిపేవాడు మలుపు దగ్గర రెండు హారన్లు కొడితే, వెనక పడుకున్నవాడు పడక చెక్క మీద రెండుసార్లు తట్టాలి. నువ్వు ఒక్కడివే లేవు, నేనున్నాను, కునుకు తియ్యకు అని దాని అర్థం. ఎన్ని వేల మలుపులో. నిద్రలో కూడా చెయ్యి తట్టేసేది.

మామను జుట్టు పట్టి డ్రైవర్ సీట్లోకి ఎక్కించారు. పక్కన మధ్య సీట్లో కడుపునొప్పివాడు కూర్చుని పిస్తోలు మామ పక్కటెముకల్లోకి గుచ్చాడు. తలుపు వైపు గళ్ళచొక్కా.

"రెండో డ్రైవరేడీ?" అన్నాడు కడుపునొప్పివాడు. "ఇంత దూరం లోడుకి ఇద్దరుంటారు."

"అల్లుడు బాబూ. పొద్దున బంకు దగ్గర దిగిపోయాడు. నీ కషాయాలు తాగేకన్నా నడిచి పోవడం నయం అన్నాడు."

గళ్ళచొక్కా నవ్వాడు. "అల్లుడు తెలివైనోడే."

నవ్వుతూనే చెయ్యి చాపి పరదా లాగాడు. దుప్పట్ల గుట్ట కింద అల్లుడు ఊపిరి బిగబట్టాడు. వెల్లుల్లి, నీలగిరి, చెమట కలిసిన ఘాటు గుప్పున గళ్ళచొక్కా ముక్కుకి తగిలింది.

"థూ! ఏంట్రా ఈ కంపు? ఏదన్నా చచ్చిందా?"

"నా మందులూ దుప్పట్లూ బాబూ. కీళ్ళనొప్పులు. తైలం ఒలికింది."

గళ్ళచొక్కా కత్తితో పైదుప్పటిని ఒక్క పోటు పొడిచాడు. కత్తి దుప్పట్లలోంచి దిగి, అల్లుడి పిక్క పక్కన పరుపులో గుచ్చుకుంది. బయటికి లాగి, ముక్కు మూసుకుని పరదా వదిలేశాడు. లారీ కదిలింది.

అల్లుడి ఫోను డాష్‌బోర్డు మీద ఛార్జింగులో ఉంది. చక్రం ఊడదీసే ఇనుప కడ్డీ సీటు కింద, సరిగ్గా వాళ్ళిద్దరి కాళ్ళ దగ్గర. పిస్తోలు మామ డొక్కలో. ఇప్పుడు దూకితే మామ చస్తాడు. క్వారీ దాకా ఊరుకుంటే మామ చస్తాడు. క్వారీకి ఒక గేటుంది, దాన్ని తియ్యడానికి ఒకడు దిగాలి. అదే అదను. అప్పటిదాకా ఇక్కడ మనిషి లేనట్టే ఉండాలి.

అప్పుడు గొంతులో దురద మొదలైంది.

ముందు చీమ పాకినట్టు, తర్వాత పీచు గీరినట్టు. దుప్పటి నోట్లో కుక్కుకున్నాడు. కళ్ళవెంట నీళ్ళు కారాయి. కడుపునొప్పివాడు సిగరెట్ ముట్టించాడు. పొగ పరదా సందులోంచి నేరుగా పడక మీదికే వచ్చింది. అల్లుడి ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. ఒక్క దగ్గు చాలు, అటువైపు ఒక్క తూటా.

మామ అద్దంలోకి చూశాడు. పరదా సన్నగా వణుకుతోంది.

"బాబూ, సిగరెట్ తాగితే దగ్గు పట్టుకుంటుంది," అన్నాడు మామ, పగిలిన పెదవులతో కొంచెం గట్టిగానే. "దగ్గొస్తే లవంగం బుగ్గన పెట్టుకోవాలి. ఒక్కసారి కొరికి వదిలెయ్యాలి, నమలకూడదు. ఆ ఊట మెల్లిగా మింగుతూ కదలకుండా పడుకోవాలి. పెట్టెలో ఎడంవైపు డబ్బా."

"నాకు దగ్గెక్కడుందిరా?"

"వస్తే సంగతి చెబుతున్నా బాబూ."

"చచ్చేముందు కూడా వైద్యమేనా నీకు?" కడుపునొప్పివాడు పిస్తోలు గొట్టంతో మామ చెవి మీద కొట్టాడు. చెవి చీలి రక్తం చొక్కా కాలర్ లోకి కారింది. లారీ ఒకసారి ఊగి మళ్ళీ దారిలో పడింది.

అల్లుడి వేళ్ళు తలగడ పక్కనున్న రేకుపెట్టె వెతికాయి. మూత గొళ్ళెం తియ్యాలంటే చప్పుడవుతుంది. లారీ గుంతలో పడి టైర్లన్నీ దడదడలాడినప్పుడు తీశాడు. ఎడంవైపు డబ్బా. లవంగం బుగ్గన పెట్టి కొరికాడు. నిప్పుకణిక పెట్టుకున్నట్టు నోరంతా మండింది. ఆ మంట మెల్లిగా గొంతులోకి దిగింది. దిగినచోటల్లా మొద్దుబారింది. దురద ఒక అడుగు వెనక్కి వేసింది. పోలేదు, ఆగింది. అంతే చాలు. చెయ్యి వెనక్కి తీసుకుంటూ ఉంటే ఇనుప రోకలి తగిలింది. గుప్పిట్లో పట్టుకున్నాడు. చిన్నదే గాని బరువైంది.

ముందు సీట్లో గళ్ళచొక్కాకి తొందరెక్కువైంది. "క్వారీ దాకా వీణ్ణెందుకు మొయ్యడం? ఇక్కడే తోసేద్దాం."

"ఈ ఘాటు రోడ్డులో ఇంత లోడు నువ్వు తోలతావా? దించేదాకా ఉండనీ. నీళ్ళలో పడేసేటప్పుడు నీ ముచ్చట తీర్చుకుందువు గాని."

తన చావు గురించి పక్కనే మాట్లాడుకుంటుంటే మామ గేరు మార్చాడు. దారి కొండ అంచున మెలికలు తిరగడం మొదలైంది. ఒకవైపు రాయి, ఒకవైపు లోయ. మొదటి మలుపు. మామ చెయ్యి హారన్ దాకా వెళ్ళి ఆగింది. రెండో మలుపు దగ్గర కూడా ఆపుకున్నాడు. మూడో మలుపులోంచి ఎదురుగా బస్సు ఒక్కసారిగా ఊడిపడ్డట్టు వచ్చింది. మామ చెయ్యి మామ మాట వినలేదు. రెండు హారన్లు కొట్టింది.

దగ్గుని అంతసేపు పీక పిసికి ఆపినవాడు, చేతిని ఆపలేకపోయాడు. పడక చెక్క మీద టక్, టక్.

బస్సు పక్కనుంచి దూసుకుపోయింది.

"ఏంటా చప్పుడు?" అన్నాడు గళ్ళచొక్కా.

"లోడు కదిలింది బాబూ," అన్నాడు మామ.

కడుపునొప్పివాడు సిగరెట్ డాష్‌బోర్డు మీద నలిపాడు. "లోడు లెక్కపెట్టి కదులుతుందా?" నవ్వాడు. "మళ్ళీ కొట్టు హారన్."

మామ కొట్టలేదు. పిస్తోలు గుచ్చుకుంది. మామ రెండుసార్లు కొట్టాడు. వెనకనుంచి చప్పుడు లేదు.

"మంచి అల్లుడు. నేర్చుకున్నాడు," అన్నాడు కడుపునొప్పివాడు. సీటు మీద మోకాళ్ళేసి వెనక్కి తిరిగి, పిస్తోలు పరదాకి గురిపెట్టాడు.

పిస్తోలు మామ డొక్క వదిలిన ఆ క్షణంలోనే మామ రెండు కాళ్ళతో బ్రేకు తొక్కాడు.

తూటా పేలింది. అల్లుడి చెవి పక్కనుంచి వెనక రేకులోకి దూసుకుపోయింది. కడుపునొప్పివాడు వెనక్కి ఎగిరి, వీపుతో ముందు అద్దాన్ని బద్దలుకొట్టుకుంటూ సగం బయటపడ్డాడు. పిస్తోలు మామ కాళ్ళ దగ్గర పడింది. గళ్ళచొక్కా మొహం డాష్‌బోర్డుకి గుద్దుకుంది. బెల్టు పెట్టుకున్నవాడు మామ ఒక్కడే.

అద్దం ముక్కల్లోంచి జారుతూ కడుపునొప్పివాడు వైపర్ పట్టుకుని వేలాడాడు. "ఆపు! ఆపు!" అని అరిచాడు. మామ వాడి కళ్ళలోకి చూశాడు. వైపర్ విరిగింది. వాడు బంపరు ముందు పడ్డాడు. బండి దిగుడులో ఉంది. మామ బ్రేకు మీంచి కాళ్ళు తీసేశాడు. ముందు చక్రం ఒకసారి పైకి లేచి దిగింది. కడుపునొప్పి అంటే ఇందాక ఆగిన బండి ఈసారి ఆగలేదు.

అది చూసి గళ్ళచొక్కాకి పిచ్చెత్తింది. సీటు మీదుగా పడి మామ తొడలో కత్తి దించి, మళ్ళీ పొడవడానికి బయటికి లాగాడు. రక్తం పిచికారీలా స్టీరింగు మీదికి చిమ్మింది. అల్లుడు పరదాతో సహా వాడి వీపు మీదికి దూకాడు. రోకలితో భుజం ఎముక మీద కొట్టాడు, విరిగింది. కత్తి పట్టిన మణికట్టు మీద కొట్టాడు, కత్తి జారింది. దవడ మీద కొట్టాడు, పళ్ళు రాలాయి. మళ్ళీ ఎత్తాడు.

"చంపకు!" అని మామ అరిచాడు, బండిని రాతిగోడకి ఒరిపించి ఆపుతూ. "వాడి రెండో చెయ్యి కావాలి మనకి."

అల్లుడికి అర్థం కాలేదు. రేకుపెట్టెలోంచి పసుపు పొట్లం తీసి మామ తొడ మీద పొయ్యబోయాడు.

"పసుపు కాదురా వెర్రివాడా! గీరుకుపోతే పసుపు. ఇది నరం తెగింది. ఇక్కడ మన పెట్టె పనిచెయ్యదు. పైన పట్టీ బిగించు, బట్ట మడిచి బలమంతా పెట్టి నొక్కాలి. ఒకడు నొక్కాలి, ఒకడు తోలాలి. తోలేది నువ్వు."

లోడు కట్టే పట్టీతో తొడ పైభాగాన బిగించి, మామను మధ్య సీట్లోకి జరిపాడు. గళ్ళచొక్కా బాగున్న చెయ్యి లాగి మడిచిన తువ్వాలు మీద పెట్టాడు. పిస్తోలు తీసి మామ చేతిలో ఉంచాడు. మామ దాన్ని గళ్ళచొక్కా మెడకి ఆనించాడు.

"నొక్కు నాయనా," అన్నాడు మామ. "చెయ్యి తీస్తే కాలుస్తా."

అల్లుడు లారీని రోడ్డెక్కించాడు. ముందు అద్దం లేదు. గాలి, దుమ్ము నేరుగా మొహానికి కొడుతున్నాయి. ఘాటు కింద ఊరు కనిపిస్తోంది, కానీ చేరాలంటే ఇంకా మలుపులు దిగాలి. మామ తల వాలుతోంది.

"మామయ్యా! నిద్రపోకండి. చెప్పండి, కొత్త ఊళ్ళో నీళ్ళు పడకపోతే?"

"మరిగించి... చల్లార్చి. నీకు చెప్పి చెప్పి నా నోరరిగింది."

"ఘాటులో తల తిరిగితే?"

"అల్లం ముక్క. దూరంగా చూడాలి... దగ్గరికి కాదు."

"కాళ్ళు వాస్తే?"

"గోరువెచ్చని ఉప్పునీళ్ళు. మధ్యమధ్య దిగి నడవాలి. నువ్వు నడవవు... సోమరివి."

"సోమరినే. ఒప్పుకున్నా. విరేచనాలైతే?"

"నీళ్ళు ఆపకూడదు. అందరూ ఆపేస్తారు. పోయినన్ని... పొయ్యాలి." మాటలు సాగిపోతున్నాయి.

"ఏయ్, ముసలాయన కళ్ళు మూస్తున్నాడు," అన్నాడు గళ్ళచొక్కా విరిగిన దవడతో. వాడి చెయ్యి మోచేతి దాకా ఎర్రగా ఉంది. "అడుగు, ఇంకేదన్నా అడుగు."

"నిద్ర పట్టకపోతే ఏం చెయ్యాలి మామయ్యా?"

మామ గడ్డం ఛాతీ మీదికి వాలిపోయింది.

"అరికాళ్ళకి నూనె," అన్నాడు గళ్ళచొక్కా. "మా అమ్మ రాసేది."

ఆ మాట వాడి నోట్లో ఉండగానే మామ వేళ్ళు సడలాయి. పిస్తోలు జారి మామ ఒళ్ళో పడింది. గళ్ళచొక్కా దాన్ని చూశాడు. అల్లుణ్ణి చూశాడు. అల్లుడి రెండు చేతులూ స్టీరింగు మీద ఉన్నాయి, ముందు మలుపు.

"తియ్యకు," అన్నాడు అల్లుడు. "అన్నా, నీ కాళ్ళు పట్టుకుంటా, చెయ్యి తియ్యకు. హాస్పిటల్ గేటు దగ్గర వదిలేస్తా. నిన్ను చూడలేదంటా."

గళ్ళచొక్కా చెయ్యి తీశాడు. రక్తం పొంగింది. పిస్తోలు అందుకుని అల్లుడి మొహానికి పెట్టాడు.

"ఆపు బండి."

అల్లుడు ఆపలేదు. ఎడంచెయ్యి స్టీరింగు వదిలి, పిడికిలి తువ్వాలు మీద పెట్టి ఒళ్ళు బరువంతా దాని మీద వేశాడు. కుడిచేత్తో మలుపు తిప్పాడు. టైరు అంచున రాళ్ళు లోయలోకి దొర్లాయి.

"ఆపమంటే!"

"దిగాలంటే దిగు. నేను ఆపను."

వాడు కాల్చాడు. తూటా అల్లుడి ఎడం జబ్బలోంచి దూసుకుపోయింది. చెయ్యంతా కాలిపోయినట్టైంది. వేళ్ళు తిమ్మిరెక్కాయి. పిడికిలి మాత్రం లేవలేదు. తన రక్తం మామ రక్తంలో కలిసి సీటు కిందికి కారింది. గళ్ళచొక్కా మళ్ళీ గురి చూశాడు. అల్లుడు వాడి వైపు తల కూడా తిప్పకుండా యాక్సిలరేటర్ తొక్కాడు. రాతిగోడ తలుపు పక్కనుంచి గీసుకుంటూ నిప్పులు రేపింది. పక్క అద్దం ఎగిరిపోయింది.

"నీకు పిచ్చిరా!" అని కేక పెట్టి, గోడ అయిపోయినచోట గళ్ళచొక్కా తలుపు తోసి దూకేశాడు. వెనక ఏదో బండి కీచుమని ఆగిన చప్పుడు వినిపించింది. అల్లుడు చూడలేదు.

ఊళ్ళోకి వచ్చాక హారన్ మీద మోచెయ్యి పెట్టి తియ్యలేదు. తోపుడు బండ్లు, స్కూటర్లు చీలిపోయాయి. గేరు మార్చడానికి చెయ్యి లేదు, ఆపడానికి మనసు లేదు. ఇంజను గుండెలు బాదుకుంటున్నట్టు అరుస్తోంది. హాస్పిటల్ గేటుకి కాపలావాడు అడ్డం వచ్చి, లారీ వేగం చూసి పక్కకి దూకాడు. గేటు వంగి లారీ కింద పడుకుంది. మెట్ల దగ్గర పూలకుండీల మీద బండి ఆగింది.

మామను స్ట్రెచర్ మీదికి దించేటప్పుడు నర్సు అల్లుడి పిడికిలి విప్పబోయింది. రాలేదు. వేళ్ళు ఒక్కొక్కటీ తీసి, ఆ చోట తన చెయ్యి పెట్టింది.

"మీకూ తగిలింది, చూసుకున్నారా?" అంది.

"ఆయన్ని చూడండి ముందు."

"ఆయనకేమవుతారు?"

"అల్లుణ్ణి."

అతని జబ్బకి కుట్లు వేశారు. పోలీసులు వచ్చి కూర్చున్నారు. ఘాటులో ఒక శవం, రోడ్డు మీద నడుము విరిగి ఒకడు. ఇన్‌స్పెక్టర్ ఎదురుగా కుర్చీ లాక్కుని, "బండి వాడి మీదికి ఎక్కించింది ఎవరు?" అని అడిగాడు. ఆపరేషన్ గది తలుపు మూసే ఉంది.

"నేనే," అన్నాడు అల్లుడు.

"బండి అప్పుడు నడిపింది ముసలాయనేనని ఆ దొరికినవాడు చెప్పాడే?"

"నేనే అన్నాను కదా సార్."

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి పక్కన పెట్టుకున్నాడు. "సరే, ఆయన లేచాక ఆయన్నీ అడుగుదాం," అన్నాడు.

తలుపు తెరుచుకునేసరికి సాయంత్రమైంది. డాక్టరు ముసుగు కిందికి లాగి, "కాలు సంగతి రేపు గాని చెప్పలేం," అంది. "ప్రాణం నిలబడింది. దారిలో నొక్కిపెట్టింది ఎవరు?"

అల్లుడు మెట్ల వైపు చూశాడు. నొక్కినవాళ్ళలో ఒకడు ఇదే హాస్పిటల్లో కింది అంతస్తులో, సంకెళ్ళతో పడుకుని ఉన్నాడు.

కానిస్టేబులు లారీలోంచి అతని ఫోను తెచ్చిచ్చాడు. గాజు పగిలింది గాని మోగుతోంది. భార్య.

"ఏంటండీ, పొద్దున్నుంచి ఒక్కరూ ఎత్తరు! జ్వరం తగ్గిందా? నాన్నేరీ?"

"నిద్రపోతున్నారు."

"ఇంత వెలుతురుండగా నాన్న నిద్రపోవడమేంటి? మీరు ఒళ్ళు బాలేక కూడా తోలుతున్నారా?"

"లేదు. బండి ఆపేశాం."

తండ్రి ఎలాంటి డ్రైవరో ఆమెకి తెలుసు. వెలుతురుండగా, లోడు మీద, బండి ఆపి పడుకునే మనిషి కాదు.

"బతికున్నారా?" అంది చాలా మెల్లిగా.

"బతికున్నారు," అన్నాడు. మళ్ళీ అన్నాడు, ఈసారి తనకోసం, "బతికే ఉన్నారు. నువ్వు బయల్దేరి రా."